దురద లేదు

వీపు మీది ప్లాస్టర్లు పీకేసి, అరగంట కదలకుండా కూర్చోమంది టెస్టింగు ఆఫీసు పిల్ల సనోబర్. అరగంటంటే పోతమ్మకి రెండు ట్రేల రొయ్య. తల తుంచి, పెంకు వలిచి, వీపున నల్ల నరం లాగి, మంచునీళ్ళలో పడేస్తూ పోతే రెండో ట్రే అడుగు కనబడేసరికి అరగంట అయినట్టే. రొయ్యల షెడ్డులో గోడ గడియారం ఉంది గానీ దాని మొహం చూసేవాళ్ళు లేరు, చేతులే టైము చెబుతాయి. ఇక్కడ చేతులకి పనిలేదు, అదే వచ్చిన చిక్కు. ఒకదాని మీద ఒకటి వేసి ఒళ్ళో పెట్టుకుని, వాటి మీదికి ఆకుపచ్చ గౌను అంచు లాక్కుని, గోడకేసి చూస్తూ కూర్చుంది. గౌను ముందువైపు నిండుగానే ఉంది, వెనకే ఏమీ లేదు, రెండు తాళ్ళు తప్ప. పన్నెండు మంది ఆడవాళ్ళు పన్నెండు ప్లాస్టిక్ స్టూళ్ళ మీద వరసగా కూర్చుని, పన్నెండు వీపుల్నీ ట్యూబులైట్లకి అప్పజెప్పారు. కట్టుకున్న మొగుడికైనా ఇంత వెలుతురులో చూపించి ఎరగని వీపులు. ఏసీ గాలి వెన్ను మీద పాకుతుంటే మొదట హాయిగా ఉంది. ఇప్పుడు మిగతా వీపంతా చల్లబడి, ప్లాస్టరు అచ్చులో పైనుంచి మూడో గడి దగ్గర మాత్రం దురద రాజుకుంటోంది.

అది సబ్బు గడి అయితే గొడవే లేదు. నిన్న పొద్దున్న ప్లాస్టర్లు అంటించే ముందు సనోబర్ అందరికీ చూపించి చెప్పింది, ఇదిగో అమ్మా, దీనికి ఐదు గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో చుక్క. ఒకదాంట్లో వట్టి నీళ్ళు, ఒకదాంట్లో సబ్బునీళ్ళు, అది కొంచెం ఎర్రబడాలి, ఎర్రబడకపోతేనే మాకు అనుమానం. మిగతా మూడింట్లో పులియబెట్టిన టీ రసం, పల్చనిది, మధ్యరకం, చిక్కనిది. ఒంటికి రాసుకునే క్రీములో కలుపుతారట, కలిపే ముందు అది చర్మానికి పడుతుందో పడదో తేల్చాలట. ఏ గడిలో ఏముందో నాకూ తెలీదు, డాక్టరుగారి కాగితంలో ఉంటుంది, తెలిస్తే నా కన్ను అటే లాగుతుంది కదా అంది. తన కన్నునే తను నమ్మనంటున్న ఆ పిల్ల మాట పోతమ్మకి నచ్చింది. వన్‌టౌన్ పిల్ల, వాళ్ళ నాన్నకి కురుపాం మార్కెట్ దగ్గర గాజుల కొట్టు, పాతికేళ్ళుండవు. మొన్న తన ముంజేతికే సబ్బు బిళ్ళ అంటించుకుందట, ఇదిగో ఇలా ఎర్రబడుతుంది అని చెయ్యి చాపింది. ఆ పచ్చటి చేతి మీద గులాబీరంగు చదరం అచ్చు గుద్దినట్టు ఉంది. పన్నెండు మందీ వంగి చూసి, ఎవరి చెయ్యి వాళ్ళు చూసుకున్నారు. హార్బరు ఎండలో కాగిన ఒళ్ళు. మన తోలు మీద గులాబీరంగు ఎక్కడ కనబడుతుంది తల్లీ అని అందరికీ అనిపించే ఉంటుంది, అడిగినవాళ్ళు లేరు. చూసేది వాళ్ళ పని కదా, వాళ్ళే చూసుకుంటారు అనుకున్నారు.

కానీ సబ్బు మూడో గడిలో లేదు. అది ఐదోది, అన్నింటికంటే కిందది. సబ్బు కాటు ఎలా ఉంటుందో పోతమ్మకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. తోలు బిగుసుకుని, ఎండిన చింతపండులా ముడుచుకుని, ఆపైన ఊరుకుంటుంది. ఐదో గడి నిన్న సాయంత్రం వేన్‌లో ఇంటికి వెళ్తున్నప్పుడే, ఎన్.ఎ.డి. జంక్షన్ దాటకముందే బిగుసుకుంది, అంతే, ఆ తర్వాత దాని పేచీ లేదు. మూడోది అలా కాదు. రాత్రి అన్నాలయ్యాక మొదలైంది, లోపలెక్కడో చీమ దారి తప్పి తిరుగుతున్నట్టు. మే నెల ఉక్కపోత, పైన రేకుల కప్పు, చెమటకేమో అనుకుంది. వీపు తడపొద్దన్నారు కనుక తడిగుడ్డ కూడా పెట్టలేదు. పక్కన మొగుడు కోటి గురక పెడుతున్నాడు. వేట నిషేధం రోజులు, బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి, ఇంజను డ్రైవరుకి నిద్ర తప్ప పనేముంది. పడుకునే ముందు ఆమె వీపు చూసి, నీ మీద కూడా నంబర్లేసినారేటే, బోటుకేసినట్టు, అని నవ్వాడు. నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. తను బోర్లా పడుకుని, రెండు పిడికిళ్ళూ దిండు కింద పెట్టుకుని, గోక్కోకుండా తెల్లవార్చింది. అది ఆమెకి కష్టం కాదు. గోక్కోకుండా ఉండటంలో పోతమ్మని మించినవాళ్ళు షెడ్డులో లేరు.

గోక్కోకుండా ఉండటం అదే షెడ్డులో పనిచేసిన చిట్టెమ్మ పిన్ని నేర్పింది. పోతమ్మకి దురద షెడ్డులో చేరిన ఏడాదికి మొదట వేళ్ళ సందుల్లో మొదలైంది, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, రొయ్య పెంకు రోజూ ఎక్కడ గీరుకుంటుందో సరిగ్గా అక్కడ. రొయ్య నీరు, మంచు, మధ్యమధ్యలో క్లోరిన్ నీళ్ళు, మళ్ళీ రొయ్య నీరు. చేతి తొడుగులిస్తారు, ముల్లు తగిలి గంటలో చిరుగుతాయి, చిరిగినదాంట్లో నీళ్ళు నిలబడితే అది మరీ నరకం. పైగా తొడుగుతో నరం దొరకదు, చెయ్యి సాగదు, చురుకైన చేతులకిచ్చే మొదటి బల్ల దగ్గర కూర్చోనివ్వరు. పోతమ్మది మొదటి బల్ల. ఆ బల్ల మీద ఆమెకి గర్వం, ఉంటే ఉండనీ, ఇంకెక్కడా లేదు కదా. అప్పుడు పిన్ని చెప్పింది, మందీ మాకూ అని ఎవరి దగ్గరకీ పోకు, నలుగురి నోట్లో పడతావు. పొద్దున్నే షెడ్డుకి పోయే ముందు ఐసు డబ్బాలో చెయ్యి పెట్టు, వాపు దిగుతుంది. కొబ్బరినూని రాసి తుడిసేయ్, పొట్టు రాలదు. గోరు పెట్టకు, గోరు పెట్టినావంటే నీ పని అయిపోయినట్టే. గోకాలనిపిస్తే పళ్ళు కొరుక్కో. పదకొండేళ్ళు. పళ్ళు అరిగాయి గానీ గోరు పడలేదు. ఇప్పుడు అరచేతులు రెండూ వేసవిలో ఎండిన మడిలా నెర్రెలిచ్చి ఉన్నాయి, చలికాలం అన్నం కలుపుతుంటే కారం లోపలికి దిగి కళ్ళు చెమరుస్తాయి, కోటికి పొగ అని చెబుతుంది. గ్యాస్ పొయ్యికి పొగేమిటో ఆ మహానుభావుడు ఇంతవరకూ అడగలేదు.

షెడ్డు గేటు దగ్గర కామరాజు ఉంటాడు. రొయ్య పై దేశాలకి వెళ్ళేది, జబ్బు చెయ్యి ముట్టుకోకూడదు, రూలు రూలే. తెల్లవారి ఐదున్నరకి అందరూ వరసలో నిలబడి చేతులు ముందుకు చాపాలి, అతను టార్చి వేసి చూస్తాడు, పక్కనే రాణి రిజిస్టరు పట్టుకుని ఉంటుంది. రాణి పది పాసైంది, పోతమ్మ ఇంటికి నాలుగిళ్ళవతల ఉంటుంది, రొయ్య కూడా బాగానే వలుస్తుంది, రాత పని అదనం. జ్వరం, లేదు. గాయం, లేదు. విరేచనాలు, లేవు. దురద, లేదు. పేరుకి నాలుగు గళ్ళు, ఎనభై మందికి పావుగంటలో అయిపోవాలి. ఇప్పుడిప్పుడు రాణి అడగను కూడా అడగదు, పైనుంచి కిందకి లేదు లేదు లేదు అని దింపుకుంటూ పోతుంది, ఆ పేజీ చూస్తే రామకోటి రాసినట్టే ఉంటుంది. ఉందని చెప్పినవాళ్ళు లేకపోలేదు. బంగారమ్మ చెప్పింది, తగ్గాక రా అన్నారు, తగ్గిందని తిరిగొచ్చేసరికి ఆమె పీట మీద ఇంకొకరు కూర్చున్నారు. దురద ఉందని ఒక్కసారి బయటపడితే గేటు లోపలికి అడుగు పడదు, ఆ సంగతి హార్బరులో చంటిపిల్లకి కూడా తెలుసు. పోతమ్మకి ఇంకో పని రాదు. రాదంటే చేతకాక కాదు, నలభై నాలుగేళ్ళొచ్చాక ఆ చేతులు చూసి ఎవరు పెట్టుకుంటారని.

మరి నిన్న సనోబర్ తలా ఒక కార్డు ఇచ్చింది. సాయంత్రం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున్న లేవగానే ఒకసారి గుర్తు పెట్టాలి. మంట ఉందా, దురద ఉందా, బిగుతు ఉందా. రాత రానివాళ్ళు ఇంట్లో ఎవరిచేతైనా పెట్టించుకోండమ్మా అంది. వేన్ పెందుర్తి దాటకముందే రాణి పన్నెండు కార్డులూ పోగుచేసుకుంది, ఇవ్వండిలాగ, మళ్ళీ ఇళ్ళకెళ్ళి ఎవర్ని బతిమాల్తారు, అని ఒళ్ళో పెట్టుకుని, కుదుపుల్లోనే మూడు పూటలకీ పన్నెండు మందికీ లేదు లేదు లేదు అని నింపేసింది. మోసమేమీ లేదు అందులో, అది వాళ్ళకి తెలిసిన పద్ధతి. కాగితం మీద దురద అని కనబడితే పక్కన లేదు అని రాయాలి. ఇంకా రాని రాత్రికి కూడా దురద లేదని సాయంత్రం నాలుగింటికే రాసేశారు. ఎవరికీ నవ్వు రాలేదు. పోతమ్మ కూడా కిటికీలోంచి ఫ్లైఓవరు చూస్తూ కూర్చుంది, ఈ నాలుగు రోజులు ఏసీలో కూర్చునే పని దొరికిందని సంతోషంగానే ఉంది. నిషేధం రోజుల్లో షెడ్డుకి రొయ్య సగానికి పడిపోతుంది, చెరువు రొయ్య ఒక్కటే వస్తుంది, రోజు విడిచి రోజు పని. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళు ఓ పన్నెండు మంది కావాలి, చర్మం బాగుండాలి అని ఈ టెస్టింగు ఆఫీసువాళ్ళు కామరాజుని అడిగితే, మా షెడ్డులో ఎవరికీ ఏ చర్మరోగమూ లేదండీ, రోజూ చూసేది నేనే, రిజిస్టరుంది కావాలంటే చూస్కోండి అన్నాడట. ఆ రిజిస్టరు చూసే తీసుకున్నారు. చేర్చుకునేటప్పుడు సనోబర్ అడిగింది, ఒంటి మీద ఎక్కడైనా ఏమైనా ఉందా అమ్మా, పాతవైనా సరే. నేదమ్మా, అని మాట దానంతటదే ఊడిపడింది. వీపు చూశారు, బాగుంది అన్నారు. చేతులు ఎవరూ చూపించమనలేదు.

అసలు ఆ టీ రసం వాసన చూసినప్పుడు ఆమెకి ఆశ పుట్టింది, ఒప్పుకోవాలంటే అదే మొదటి తప్పు. గాజుసీసా మూత తీసేసరికి పుల్లగా, కొంచెం తియ్యగా, తరవాణి కుండ గుర్తొచ్చింది. అన్నం కడుగు, గంజి, రోజుకింత పోసి పులవబెట్టిన కుండ. అమ్మ పొద్దున్నే ఆ నీళ్ళలో అన్నం వేసుకుని తినేది. పోతమ్మ అందులోంచి గ్లాసుడు తీసి రాత్రిపూట చేతులు కడుక్కునేది, ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది, కాసేపు మంట దిగేది. పులిసినది చల్లన అని ఆమె నమ్మకం. అందుకని నిన్న సనోబర్ పులిసిన టీ నీళ్ళు చర్మానికి మంచివంటారమ్మా, అదే నిజమో కాదో చూస్తున్నాం అన్నప్పుడు, మిగతావాళ్ళు వీపు గురించి ఆలోచిస్తుంటే ఈమె చేతుల గురించి ఆలోచించింది. ఇది బజారులోకి వస్తే ఒక డబ్బా కొనాలి. ఎంతైనా సరే కొనాలి. కోటికి చెప్పక్కర్లేదు. రాత్రి రాసుకుని గుడ్డ చుట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి. తెల్లారేసరికి ఏమవుతుందో అంతదాకా పోనివ్వలేదు ఆ ఆలోచనని, కానీ మనసు అక్కడే చుట్టూ తిరిగింది, వేన్‌లో కూడా, అన్నం వండుతూ కూడా. ఆ పులిసిన నీళ్ళే ఇప్పుడు వీపు మీద ఇలా కాల్చుకు తింటున్నాయంటే ఏడుపొచ్చేలా ఉంది. దురదకి కాదు. ఆశపెట్టి మోసం చేసినందుకు.

చిట్టెమ్మ పిన్ని ఇప్పుడు భీమిలిలో కొడుకు దగ్గర ఉంటుంది. పోయినేడు పిన్ని మనవరాలి పెళ్ళికి వెళ్తే, పంక్తిలో అందరూ చేత్తో కలుపుకుని తింటుంటే పిన్ని ఒక్కత్తే చెంచాతో తింది. మగపెళ్ళివారి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, ఓయబ్బో, సిట్టెమ్మగోరికి సెంచా కావాలా, అని పకపకా నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. పట్నంలో అలవాటైపోనాదమ్మా అంది. పోతమ్మకి మాత్రం సంగతి తెలుసు. పిన్ని చెయ్యి ముడుచుకోదు. తోలు పగిలి, పగులుకి చీము పట్టి, అది మానేసరికి వేళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. పిడికిలి పడదు, ముద్ద కట్టదు. ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున్నే లేదు అని చెప్పి, పిన్ని చివరికి మిగుల్చుకున్నది ఆ చెంచా. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కునే దగ్గర పోతమ్మ చేతిని పట్టుకుని తిప్పి చూసింది, చూసి వదిలేసింది. తను నేర్పినదే ఆ చేతిలో కనబడ్డాక పిన్ని ఇంకేమంటుంది.

తెర అవతల కామరాజు దగ్గాడు. ఆడవాళ్ళు వీపులు తీసి కూర్చున్న గది కనుక అతన్ని బయట బెంచీ మీద ఉండమన్నారు, మధ్యలో నీలం గుడ్డ తెర ఒకటే అడ్డం. అతని నాన్న కాకినాడ నుంచి పోర్టు పనికి వచ్చాడు, కొడుకు ఇక్కడే పుట్టి పెరిగినా మాటలో ఆ గోదావరి మర్యాద పోలేదు. మేడంగారండీ, ఇంకెంతసేపు పడుతుందండీ అని ఇందాకే రెండుసార్లు అడిగాడు. చెడ్డవాడు కాదు. ఆ దగ్గు వినగానే పోతమ్మకి ఎందుకో ఒక సంగతి తట్టింది, తట్టిందంటే ఇన్నాళ్ళూ తెలియక కాదు, అటు చూడలేదు అంతే. పొద్దున్న గేటు దగ్గర అందరి చేతుల మీదా టార్చి పడుతుంది. ఆమె వంతు వచ్చేసరికి కామరాజు ఆమె మొహంలోకి చూస్తాడు. దురదేమైనా ఉందామ్మా అంటాడు, ఆమె నేదన్నా అనేసరికి టార్చి అప్పటికే పక్కదాని చేతుల మీద ఉంటుంది. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. ఎప్పటి నుంచి? తన కొడుకు చంటోడికి పదో తరగతి పరీక్షలప్పటి నుంచా, అంతకు ముందు నుంచా? అతనికి తెలుసు. చూస్తే ఆపాలి, ఆపడం ఇష్టం లేదు, అందుకని చూడడం మానేశాడు. తను ఒక్కత్తే దాస్తోంది అనుకుంది ఇన్నేళ్ళూ, పిచ్చిది. ఇద్దరూ కలిసి దాస్తున్నారు. ఇప్పుడు తను నోరు విప్పితే ఒక్క తన పనితో పోదు, ఇన్నాళ్ళూ ఏం చూశావయ్యా అని అతన్నీ నిలదీస్తారు.

కనుక విప్పకూడదు. తేలిపోయింది. మూడో గడి సంగతి ఎవరిక్కావాలి, రేపటికి అదే చల్లారుతుంది. ఎవరో పెద్దింటి ఆడవాళ్ళు కొంటారు, పడకపోతే అవతల పారేస్తారు, వాళ్ళకి ఇంకో డబ్బా లేదా. ఇక్కడిదాకా బాగానే వచ్చింది ఆలోచన. కానీ పెద్దింటి ఆడవాళ్ళు ఎందుకు కొంటారు, వాళ్ళ చర్మానికేం ఒచ్చింది? చర్మానికి మంచిదట అని వెతుక్కుని, దాచుకున్న డబ్బు తీసుకుని, మొగుడికి చెప్పకుండా కొనేది ఎవరు? తను కొందామనుకోలేదూ? నిన్నటి నుంచి వంద మాట్లనుకోలేదూ? తనలాంటిదే ఇంకెవత్తో, ఏ ఊరిదో, గిన్నెలు తోమేదో బట్టలుతికేదో, నెర్రెలిచ్చిన చేత్తో ఆ డబ్బా మూత తిప్పుతుంది. బాగున్న వీపుకే ఇలా ఉంటే పగిలిన చేతికెలా ఉంటుంది? ఆవిడ కూడా పళ్ళు కొరుక్కుంటుంది. మందు కదా, మంట పుట్టాలేమో అనుకుని మర్నాడు ఇంకొంచెం రాసుకుంటుంది. పోతమ్మకి ఆ మనిషి మొహం కనబడలేదు గానీ చేతులు మాత్రం ఎదటి గోడ మీద ఉన్నంత స్పష్టంగా కనబడ్డాయి, చూడలేక కళ్ళు మూసుకుంది.

సనోబర్ ఫోను మోగింది. అరగంట అయిపోయింది. అవతలి చివర నుంచి మొదలుపెట్టింది ఆ పిల్ల, దీపం దగ్గరకి లాగి, వంగి, ఒక్కో వీపునీ చూస్తూ, కాగితం మీద రాసుకుంటూ. సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా. కార్డు తీసి చూస్తుంది, లేదు లేదు లేదు. ఇంకో వీపు. సున్నా, సున్నా. ఐదో గడి దగ్గర కూడా సున్నా వేస్తున్నప్పుడు ఆగి, మళ్ళీ చూసి, దీపం ఇటు తిప్పి అటు తిప్పి, తల గోక్కుంది. ఐదు గళ్ళూ సున్నాలే అంటే, సబ్బు ఏ గడిలో ఉన్నా దానికీ ఎవరి వీపూ ఎర్రబడలేదనే కదా, ఆ పిల్లకి అనుమానం వచ్చినట్టే ఉంది. పోతమ్మ దగ్గరకి వచ్చేసరికి దీపం పక్కన పెట్టేసి, వేలి వెనక భాగంతో మెల్లగా ముట్టుకుంటూ దిగింది, ఒకటి, రెండు. మూడో దాని మీద వేలు ఆగింది. మళ్ళీ రెండోదాన్ని ముట్టుకుని మూడోదాని మీదికి వచ్చింది.

“అమ్మా, ఇది వేడిగా ఉంది. కొంచెం గరుగ్గా కూడా తగుల్తోంది. రంగు చూస్తే ఏమీ లేదు, నా కాగితంలో మార్కులన్నీ రంగుకే ఉన్నాయి. నాలాంటి ఒంటిని చూసి రాసుకున్నట్టున్నారు. మీరు చెప్పకపోతే నేను సున్నా వెయ్యాలి. దురదుందా?”

“నేదమ్మా,” అంది పోతమ్మ. అడిగిన మాట పూర్తి కాకుండానే అంది. పదకొండేళ్ళ అలవాటు, నోరు ఎవరి కోసమూ ఆగలేదు. వెనకాల కలం సున్నా చుట్టిన చప్పుడు వినబడింది. ఎంత చిన్న చప్పుడది. అంతే, అయిపోయింది, ఆ పిల్ల నాలుగో గడి మీదికి వెళ్ళిపోయింది, ఇంక ఎవరూ అడగరు. ఒళ్ళంతా తేలికపడాలి, పడలేదు. ఒళ్ళు మండింది, తన మీద తనకే.

“ఆగమ్మా. కొట్టియ్ అది. ఉంది.”

“ఏంటమ్మా?”

“దురద. రాత్రి అన్నాలు తిన్న కాణ్ణుంచీ ఉంది. కన్ను మూత పడనేదు.”

“మరి కార్డులో మూడు పూటలా లేదని పెట్టారే?”

“ఆ కార్డులు నిన్న యేన్‌లోనే రాసీసినాం తల్లీ. అందరియీ ఒకలే రాసీసినారు. రాత్రి ఎలాగుంటాదో అప్పుడు మాకేటి తెలుసు?”

పక్క స్టూలు మీద రాణి, “అత్తా, నీకేటైనా మతి పోయిందేటి,” అంది పళ్ళ బిగువున. సనోబర్ కార్డులన్నీ ఒకచోట పెట్టి తిప్పి చూసింది. పన్నెండు కార్డుల మీదా ఒకే చేతిరాత. కోప్పడుతుందనుకున్నారు. కోప్పడలేదు గానీ మొహం వాడిపోయింది, అప్పటిదాకా వేసిన సున్నాలన్నీ ఒకసారి తిరగేసింది. తర్వాత ఇంకో కాగితం తీసి పోతమ్మ ముందుకి వచ్చి, నేల మీద మోకాళ్ళేసి కూర్చుంది, మొహంలోకి చూడ్డానికి.

“సరే అమ్మా. మొదటి నుంచీ మళ్ళీ అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పండి. దీనికి ముందు ఒంటి మీద ఎక్కడైనా, ఎప్పుడైనా దురద ఉందా?”

ఇక్కడ కావాలంటే ఆగిపోవచ్చు. వీపుది వీపుకి సరిపోయింది, చేతుల మాట చేతుల్లోనే ఉంచుకోవచ్చు. తెర అవతల దగ్గు కూడా లేదు ఇప్పుడు, బెంచీ మీద మనిషి ఊపిరి బిగబట్టి వింటున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది. పోతమ్మ గౌను అంచు పక్కకి తీసి, అరచేతులు రెండూ పైకి తిప్పి ఆ పిల్ల ముందు పెట్టింది.

“పదకొండేళ్ళయింది,” అంది.

సనోబర్ ముట్టుకోబోయి ఆగి, ముట్టుకోవచ్చా అని అడిగి, తర్వాత ముట్టుకుంది. నెర్రెల వెంబడి వేలు పోనిచ్చి చూసింది. ఆ తర్వాత, ఇలా ఉన్నవాళ్ళని ఈ టెస్టులో ఉంచకూడదమ్మా, మీ పేరు తీసెయ్యాలి, మీ వీపు లెక్కలోకి రాదు, మీకు దురద వచ్చిందన్న మాట మాత్రం వేరే కాగితంలో రాసి డాక్టరుగారికి ఇస్తాను, మీ చేతులు కూడా ఆయనకి చూపిస్తాను అంది. పోతమ్మకి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళకి ఒక నిజం చెబితే అది లెక్కలోకి రాదట. రానీ, రాకపోనీ. అప్పుడు పక్క నుంచి, గోడకేసి చూస్తూనే, రాణి మెల్లగా అంది, “మేడం, నాకూ మూడోదే. నా సేతులు బాగానే ఉన్నాయి, సూసుకోండి.” సనోబర్ గబుక్కున లేచి అటు వెళ్ళింది. ఆ వెనక స్టూలు మీద ఇంకెవరో కదిలారు.

“పోతమ్మా,” అన్నాడు తెర అవతల నుంచి కామరాజు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. “ఏంటమ్మా ఆ మాటలు? రోజూ పొద్దున్నే నిన్ను అడుగుతూనే ఉన్నాను కదా నేను.”

“అడిగినావన్నా. అడగనేదని నానన్నానా? నువ్వు అడిగినావు, నాను నేదన్నాను, రాణి రాసింది. ముగ్గురం బాగానే సేసినాం.”

అతని మీద జాలేసింది ఆమెకి, నిజంగానే వేసింది. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, పోర్టులో పని పోయాక ఈ గేటు పని కోసం ఎన్నాళ్ళు తిరిగాడో ఆమెకి తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. తెర వైపు తిరిగి కూర్చుంది.

“రేపు కూడా అడుగన్నా,” అంది. “ఉందనే సెప్తాను.”